గీకిన చోటు

విజయవాడ నుంచి వచ్చిన శిక్షకుడు
ప్రొజెక్టర్ వెలుతుర్లో చెయ్యి ఊపుతూ చెప్పాడు:
"ఒకసారి ఎక్కితే ఇక చెరగదు.
కలెక్టరు చెప్పినా, మంత్రి చెప్పినా చెరగదు.
బ్లాకు వెనక బ్లాకు,
ప్రతిదాని మెడలో ముందుదాని వేలిముద్ర."
మేం ఏడుగురం ఆపరేటర్లం
సమోసా నూనె చేతుల్తో రాసుకున్నాం.

నేను మార్కాపురం పిల్లని.
మా ఊరు లోకానికి అమ్మింది చెరుపుకునే రాతిని.
మా నాన్న చెన్నకేశవులు పలకల షెడ్డులో
ఇరవై రెండేళ్లు బండను పొరలుగా విప్పాడు
ఉల్లిపాయ విప్పినట్టు.
ఆ పొడి ఆయన ఊపిరితిత్తుల్లో రాసిందొక్కటే
ఏ డాక్టరూ తుడవలేకపోయాడు.
మేం మాత్రం కోవాకు రుద్ది, ఉమ్మి రుద్ది, గౌను అంచు రుద్ది
తప్పు పోయిన 'ఱ'ని మాయం చేసి
మళ్లీ దిద్దుకునేవాళ్లం.

ఇప్పుడు ఉద్యోగం చీమకుర్తిలో.
ఇక్కడిది వేరే రాయి, నల్లది, లోపల చుక్కలు మెరిసేది.
దీనిమీద చెక్కితే చెరగదు.
దీనికోసం ఏమైనా చెరుపుతారు.

నా బల్ల మీద పాత అడంగళ్లు.
చెదలు తిన్న అంచులు, టీ గ్లాసు గుండ్రాలు.
రోజుకి నూట ఇరవై సర్వే నెంబర్లు ఎక్కించాలి,
లేకపోతే సోమవారం మీటింగులో నా పేరు చదువుతారు.

గురువారం మస్తానమ్మ వచ్చింది, రామతీర్థం వైపు నుంచి.
"ఏమ్మే, పొలాలన్నీ పెట్టెలో ఏసి తాళం ఏస్తన్నారంటనే?
నాది ఏశావా?"
214/3. ఎకరా ముప్పై రెండు సెంట్లు.
కంది వేసేవాళ్లు. పక్క చేలో నల్లరాయి పడిందాకా
ఆ నేల వంక చూసినవాడు లేడు.

పుస్తకం తెరిచాను.
గడిలో ఇంకెవరిదో పేరు, నిండుగా, నిబ్బరంగా.
కాగితం ఎత్తి కిటికీకి పట్టాను.
ఆ పేరు కింద పలచబడి ఉంది,
బ్లేడుతో గీకిన చోట
వెలుతురు కాస్త ఎక్కువగా కారింది.
అందులో ఒక 'పో' తల, ఒక యవత్తు తోక
చావకుండా మిగిలాయి.
పోలయ్య.
మస్తానమ్మ మొగుడు.

ఎంటర్ మీద నా వేలు.
నొక్కితే బ్లేడు గెలిచినట్టే, ఎప్పటికీ.
శిక్షకుడు ఈ సంగతి చెప్పలేదు.
మా నాన్న చెప్పాడు ఎప్పుడో,
దగ్గు మధ్యలో:
వంకర బండను ఎంత నున్నగా కోసినా
వచ్చేది వంకర పలకేనమ్మా.

ఏదో చేసేశాననుకోకండి.
నాది కాంట్రాక్టు, రెండు నెలల జీతం బాకీ.
చివర్లో రిమార్కుల గడి ఉంటుంది, ఎవరూ నింపరు.
అందులో టైపు చేశాను:
"పాత అడంగల్‌లో పేరు గీకివేసినట్లు కనబడుచున్నది.
అడుగున పోలయ్య అని చదవవచ్చును. విచారణ అవసరం."
దీర్ఘాలు రెండుసార్లు సరిచూసుకున్నాను.
నొక్కాను.

సాయంత్రం ఆర్.ఐ. గారు చూశారు.
"ఎవరు రాయమన్నారు నిన్ను? తీసెయ్."
"కుదరదు సార్. ఎక్కింది."
ఆయన నా కుర్చీలో కూచుని
ఎండిన బోరింగు కొట్టినట్టు
చాలాసేపు మౌసు నొక్కారు.

పొలం ఇంకా మస్తానమ్మకి రాలేదు.
ఆ పేరు ఇంకా అక్కడే ఉంది, పక్కన నా మూడు వాక్యాలతో.
ప్రింటు తీసి చేతిలో పెట్టాను.
అడుగున అరవై నాలుగు అక్షరాల వరస,
ఏ భాషా కానిది.
"ఇదేంది?"
"తాళం."
"మరి చెవి ఎవరికాడుంది?"
నేను ప్రింటరులో కాగితాలు సర్దాను.

ఆమె మెట్లు దిగి, ఎండలో ఆగి,
ఆ కొత్త కాగితాన్ని
సూర్యుడికి ఎత్తి పట్టి చూసింది,
ఎక్కడైనా పలచబడిందేమోనని.