గేజి పుస్తకం

ముత్యాల గర్భమన్నారు.
స్కానింగులో బిడ్డ లేదు, ఉడికిన సగ్గుబియ్యంలా
గుత్తులు గుత్తులుగా నీటిబుడగలు.
కడుపని చింతకాయలు పంపినవాళ్ళకి
ఏమని చెప్పను?

అమలాపురంలో కడిగి పంపేశారు.
క్రిస్మస్‌కి గుమ్మంలో స్టారు కూడా కట్టుకున్నాం.

జనవరిలో, యానాం వంతెన మీద బస్సులో
దగ్గితే
కొంగు మీద ఎర్రటి చుక్క.

కాకినాడ పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ
ఫిల్ముని కిటికీకి ఆనించి చూపించింది.
ఊపిరితిత్తుల్లో గుండ్రటి మచ్చలు, ఐదారు కాదు, నాలుగే.
"కడుపులోది అక్కడికెలా ఎక్కిందండి?" అన్నాడు దానియేలు.
"ఏం చేస్తుంటావు నువ్వు?"
"లాకు దగ్గర లస్కర్నండి, ఆయ్."

"మాయకి తెలిసిన పని ఒక్కటేనయ్యా,
తల్లి నెత్తురు వెతుక్కుని వేళ్ళు దించడం.
బిడ్డ లేదని దానికెవరు చెబుతారు?
నెత్తుట్లో పడి, గుండె దాటి,
మొదట తగిలిన జల్లెడలో చిక్కుకుంది.
జల్లెడ దాటితే కాలేయం, తల."

దానియేలు చాలాసేపు మాట్లాడలేదు.
"గుర్రపుడెక్కండి," అన్నాడు చివరికి.
"కొక్కెంతో ఎంత లాగినా
తలుపు సందులోంచి ఒక్క ముక్క జారిపోద్ది.
నెల తిరిగేసరికి దిగువన కాలువంతా
ఊదా పూలు."

తల ఫోటో తీశారు. అక్కడికింకా చేరలేదు.

పసుప్పచ్చటి సూదిమందు.
నోరంతా పూసి, కారంలేని పెరుగన్నం కూడా మంటే.
సోమవారం సోమవారం నెత్తురు తీసి ఒక అంకె ఇస్తారు.
ఆ అంకె పెరిగితే పక్క వార్డులో మిఠాయిలు పంచుతారు,
నాకు తగ్గాలి.
నలభై ఒక్క వేలు.
ఆరు వేలు.
ఎనిమిది వందల పది.
లేని బిడ్డకి నా ఒళ్ళింకా జవాబిస్తూనే ఉంది.
ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

ఏప్రిల్లో కాలువలు కట్టేశారు.
అడుగున ఎండిన గుర్రపుడెక్క, కాలితో తిరగేస్తే
కింద ఒక వేరు పచ్చగానే ఉంది.
దానియేలు దాన్ని తీసి గట్టు మీదికి విసిరాడు.
ఇంకోటి వెతికాడు.

ఏడాదిదాకా కడుపు రాకూడదన్నారు.
నీటిమట్టం రాసే గేజి పుస్తకంలో
పక్కన గీత కొట్టి ఒక గడి చేశాడు.
ఏఈ గారు చూస్తే తిడతారన్నా వినడు.

ఈ సోమవారం వంకరటింకర అక్షరాల్లో:
కాలువ, సున్నా.
సువార్త, మూడు.