మూడు చక్రాల బ్రేకు

ఓదేలన్నా,
నువ్వమ్మిన బండి గురించి నాలుగు ముచ్చట్లు.
కొట్లాటకు కాదు. కొట్లాడే ఓపిక
గుడెప్పాడు క్రాస్ కాడ నెట్టిననాడే ఒడిసింది.

రెండు లక్షల పదివేలు, సంఘంల తెచ్చిన అప్పు.
సీట్లకు కొత్త రెగ్జిన్ కుట్టించినవు,
ముంగట నిమ్మకాయ, మిరపకాయలు గట్టినవు,
"చెల్లె, తాళం తిప్పుడే ఆలస్యం" అన్నవు.
నిజమే.
తాళం తిప్పుడు ఒక్కటే మంచిగుండె.

మొదటి వారం రెండో గేరు తనంతల తానే ఊడొచ్చింది.
బడికి పోనని గుంజుకునే పిల్లగాని రెక్క పట్టుకున్నట్టు
ఎడమ చేత్తోని అదిమి పట్టుకొనే
గోవిందరావుపేట దాకా నడిపిన.

తర్వాత ఆ ఊళ.
నలభై దాటంగనే వెనకాలికెల్లి మొదలైతది.
మిరపకాయలు ఏరే ఆడోళ్లు పద్నాలుగు మంది,
తలా ఒక పేరు పెట్టిన్రు.
మా అత్త గురక, అన్నది కొంరవ్వ.
పిండిగిర్ని, అన్నది సారలక్ష్మి.
లచ్చమ్మ ఏమనలే.
ఆమె కూసునే కాడ కాళ్ల కిందనే శాఫ్టు.
పొద్దుగూకినంక అందరు దిగిపోయి
తనొక్కతే మిగిలినప్పుడు మెల్లగన్నది:
"బిడ్డా, అరికాళ్లకు తెలుస్తున్నది.
ఏందో వదులైంది."

ఇగ గట్టమ్మ గుట్ట కాడి సంగతి.
దిగుడుల బ్రేకు తొక్కిన.
మొదటిసారి నానిన అటుకుల లెక్క మెత్తగ.
రెండోసారి ఇంకింత కిందికి.
మూడోసారి పాదం కింద రేకు తప్ప ఏం లేదు.
ఎదురుంగ
కొబ్బరికాయ కొట్టనీకి ఆగిన లారీ,
దాని వెనకాల రాసిన అక్షరాలు పెద్దగైకుంట, పెద్దగైకుంట.
మొదటి గేరుల గుద్ది, హ్యాండ్ బ్రేకు గుంజితె
బండి కుడికి మెడ తిప్పి, మట్టిల దిగి, ఆగింది.

ఆడోళ్లు నేను మొక్కనీకి ఆపిన్ననుకున్నరు.
దిగిన్రు, పసుపు పెట్టిన్రు, నా నొసట గూడ పెట్టిన్రు.
నేను స్టీరింగ్ మీద తల పెట్టి ఉన్న.
ఎంత భక్తో, అన్నది కొంరవ్వ.

వరంగల్ల యాకూబ్ పాషా బండి కిందికి పోయి
అర్ధగంట బయటికి రాలే.
ఎడమ దిక్కు వెనక చక్రానికి పోయే పైపు
మడిచి, సుత్తెతోని కొట్టి మూసిన్రట.
"ఆయిల్ కారుడు ఆపిన్రక్కా,
బండి ఆగుడు గూడ ఆపిన్రు."
శాఫ్టు జాయింట్ల సూదులు అరచేతిల పోసి చూపించిండు,
అన్ని తుప్పు పొడి.
లచ్చమ్మ కాళ్లు ముందే చెప్పినయ్.
పద్దెనిమిది వేల ఆరు వందలు. రెండో గేరుకు వేరే.

అన్నా, డ్రైవర్ సీటు కింద
పాత లుంగి గుడ్డల సుట్టి
ఒక రాయి దొరికింది.
టైరుకు ఆనే దిక్కు నున్నగ అరిగింది.
ఎన్ని ఎక్కుళ్లల్ల, ఎంత వానల
దిగి, వంగి, చక్రం కింద పెట్టినవో!
అంటే నీకు ఎరుకే.
అంటే నీకు భయమే.
అంత భయపడ్డోనివి
నాకు ఒక్క మాట చెప్తే ఏం బోయె?

మొన్న చిట్యాల నుంచి ఒకాయన బండి చూడనొచ్చిండు.
మా తమ్ముడు నిమ్మకాయ కొత్తది తెచ్చిండు.
"బ్రేకులెట్లున్నయ్?"
నిజం చెప్పాలె, నోటి కొస దాకా
నీ మాటే వచ్చింది, తాళం తిప్పుడే…
కిస్తీ పదో తారీఖు.
సీటు లేపి
రాయి తీసి ఆయన చేతిల పెట్టిన.
బరువు చూసిండు. నా దిక్కు చూసిండు.
ఫోన్ చేస్తనన్నడు.
చెయ్యలే.

తమ్ముడు నాతోని మాట్లాడుత లేడు.
నిమ్మకాయ పులుసుల పిండిన.

రేపు ఐదింటికి మల్ల అందరు వస్తరు.
లచ్చమ్మ తన జాగల చెప్పులిడిసి కూసుంటది.
మల్లంపల్లి దాటంగనే అద్దంల ఆమె మొఖం చూస్త.
ఆమె తల ఊపితెనే
మూడో గేరు.