తాళాల పద్దు

హాల్వర్సన్ బిల్డింగ్‌కి మొత్తం తొంభై మూడు తలుపులు.
శుక్రవారంలోగా అన్నిటికీ కార్డు తాళాలు బిగించాలి నేను.
కొన్నవాళ్ళు ఫ్లాట్లు చేస్తారట.
పాత ఇత్తడి తాళాలు మాత్రం పారేయొద్దన్నారు,
కింద లాబీ గోడకి అందంగా తగిలిస్తారట.

నా సంచిలో తాత పద్దు పుస్తకం ఉంది.
లుడ్విక్ కోబల్, తాళాల పని, దులూత్.
తాతకి కథలు చెప్పడం రాదు.
తారీఖు, గది నంబరు, చేసిన పని, పుచ్చుకున్న డబ్బు.
గీత కొట్టి కింద ఇంకోటి.

1919 మార్చి. 204. తాళం మార్పు. డాలరున్నర.
పళ్ళ డాక్టర్ ఓస్కార్ నూర్బీ గది అది.
ఇనుప గనుల వాళ్ళు చెంప పట్టుకుని మెట్లెక్కేవారు,
రుమాలు అదుముకుని దిగేవారు.
తాళం ఎందుకు మార్పించాడో తాత రాయలేదు.
అదే వారం, పక్క పేజీలో:
నూర్బీ గారి భార్య. ఇంటి తలుపు. తాళం మార్పు. డాలరున్నర.
ఒకరికి తెలియకుండా ఒకరు
ఇద్దరూ ఒకే మనిషిని పిలిచారు.

కింద వీధివైపు కొట్టు నఖ్లే షాహీన్‌ది,
లేసులు, దుప్పట్లు, పెళ్ళి ముసుగులు.
ఆయన మూడుసార్లు తాళంచెవి పోగొట్టుకున్నాడు,
మూడుసార్లూ అది ఆయన జేబులోనే దొరికింది.
నాలుగోసారి తాత సగం డబ్బే పుచ్చుకున్నాడు.

తర్వాత చేతిరాత మారుతుంది, అమ్మది.
రేడియో రిపేరు బడి. విగ్గుల దుకాణం.
ఉక్కు మిల్లు మూసేశాక, రెండో అంతస్తు నిండా
నిరుద్యోగ భృతి కిటికీలు.
ఆ శీతాకాలం క్యూ మెట్ల మీదుగా వీధిలోకి పాకింది.
మెట్లన్నీ గోడవైపే ఎందుకు అరిగాయని
ఇవాళ ఇంజనీరు అడిగాడు.
మంచు బూట్లతో గోడకి చేరగిలబడి
గంటలకొద్దీ నిలబడ్డవాళ్ళని అతను చూడలేదు.

ఆ తర్వాత వీడియో క్యాసెట్లు.
ఆ తర్వాత పావురాలు.
పావురాలు తాళం అడగవు కాబట్టి
పద్దులో పదకొండేళ్ళు ఖాళీ.

నిన్న సాయంత్రం 311కి వచ్చాను.
1931 నవంబరు. 311. యజమాని చెప్పగా తాళం మార్పు. డాలరున్నర.
ఐనో హ్యూవోనెన్ కుట్టు గది.
నడుము బిగించే లోచొక్కాలు కుట్టేది.
ఊళ్ళో ఆడవాళ్ళు ఊపిరి పీల్చుకోవడం మొదలెట్టాక
బేరం పడిపోయింది, అద్దె ఆగింది.
గెంటేశారని అమ్మ చెప్పగా విన్నాను.

తాళం ఊడదీసి, అలవాటుగా, గొట్టం విప్పాను.
పిన్నులు అరచేతిలో రాలాయి.
ఒక్కో పిన్ను రెండుచోట్ల కోసి ఉంది.
ఒకే తాళానికి రెండు తాళంచెవులు నప్పేలా చేసే పని ఇది,
ఏమరుపాటున జరిగేది కాదు.
దీపం దగ్గర ఆకురాయి పట్టుకుని
ఒక రాత్రంతా కూర్చోవాలి.

యజమానికి కొత్త తాళంచెవి ఇచ్చాడు, నిజమే.
ఆమె దగ్గరున్న పాతదాన్ని
పనికిరాకుండా మాత్రం చేయలేదు.

గది వెనక గోడకి, నేలకి జానెడెత్తున
వరసగా సూది గుచ్చిన గుర్తులు.
పడుకుని చెయ్యి చాపితే అందేంత ఎత్తు.
సరస్సు మీద గాలికి కిటికీ ఇప్పటికీ ఈల వేస్తుంది.
ఆ చలికాలాలు ఆమె ఏం కప్పుకుందో,
కింద షాహీన్ కొట్టులో దుప్పట్ల లెక్క తగ్గిందో లేదో,
ఆ పుస్తకం నా దగ్గర లేదు.

311 పద్దులో ఇంకొక్కసారే కనిపిస్తుంది.
1938 ఏప్రిల్. తాళం బిగుసుకుంది. నూనె.
పుచ్చుకున్నది: బొత్తాలు నాలుగు.

కొత్త కార్డు తాళం అన్నీ రాస్తుంది,
ఎవరొచ్చారు, ఏ నిమిషానికి, మళ్ళీ ఎప్పుడెళ్ళారు.
అడిగినవాళ్ళకి చెప్పేస్తుంది కూడా.
దాన్ని 311కి బిగించాను. పచ్చ దీపం వెలిగింది.

పనైపోయాక బకెట్లు కిందికి దించి
పద్దులో రాశాను:
హాల్వర్సన్. ఇత్తడి తాళాలు తొంభై రెండు. అప్పగించాను.