చెవి తమ్మె

కవిటిలో మధ్యాహ్నమే కరెంటు పోయింది.
ప్రెషర్ కుక్కర్‌కి గాస్కెట్ పీకి, అడుగున ఇసక పోసి
ఇదే ఓవెన్ అనుకోమన్నాను ఊర్మిళతో.

హోండురస్ రేవులో మా ఓడ
తొమ్మిది రోజులు కదలకుండా ఉన్నప్పుడు
మార్సెలీనా నేర్పిన కొబ్బరి రొట్టె.
కొలతలు అడిగితే నవ్వింది.
పిండి ఎంత మెత్తగా రావాలో
చేత్తో చూపించింది, అంతే.
ఇరవై ఏళ్లు ఓడ వంటింట్లో గ్రాములు తూచినవాణ్ణి,
సిగ్గేసింది.

మాలచ్చి పెద్దమ్మ కోరాం ముందేసుకుంది.
"కొబ్బరిపాలల్లో మైదా ఏట్రా?
బూరెలు సేదయిపోనాయా నీకు?"
అంటూనే రెండు కాయలు కోరింది,
మూడోది అడక్కుండానే కొట్టింది.

సోంపేటలో కొన్న ఈస్ట్ పాతది.
మొదటి ముద్ద పొంగలేదు,
ఆవు వాసన చూసి మొహం తిప్పుకుంది.
రెండోదానికి ఊర్మిళ
తాటిబెల్లం చిదిపి, గోరువెచ్చని పాలు పోసి
గిన్నెని పాత చీరలో చుట్టి ఎండలో పెట్టి
కాకులు రాకుండా కాపలా కూచుంది.

తుపానుకి మావి నలభై చెట్లు పడ్డాయి.
వాళ్లవి ఎన్ని పడ్డాయో
మార్సెలీనా లెక్కపెట్టడం మానేసింది.
మిగిలిన చెట్ల కాయలు
అక్కడా ఇదే చప్పుడుతో పగుల్తాయి.

"ఇంకెంత మెత్తగుండాలి?" అంది ఊర్మిళ, పిండి నొక్కుతూ.
"చెవి తమ్మెలా," అనేశాను.
పిండంటిన వేళ్లతో నా చెవి పట్టుకుంది.
నొక్కింది.
వదల్లేదు.

"ఇలాగని నీకెవులు సూపించినారు?"

పెద్దమ్మ కోరడం ఆపేసింది.
కుక్కర్లో ఇసక
నెమ్మదిగా వేడెక్కుతోంది.