తలకట్టు

నెలలో మొదటి శనివారం, పదకొండింటికి
వార్డు ఆఫీసులో పది కుర్చీలు, ఏడుగురం.
ఇంజినీరు రాలేదు.
ఆయన బదులు ఆయన ఫైలు వచ్చింది.

మాకు జీతం లేదు. సంతకానికి బలమూ లేదు.
టీ డబ్బులు ఫిలోమినా గారివి,
బిస్కట్లు ఎవరు తెచ్చారో ఎవరూ ఒప్పుకోరు.
చెప్పడం వరకే మా పని.
వినడం ఎవరి పనో
నియమాల పుస్తకంలో ఇంకా వెతుకుతున్నాం.

మూడో క్రాసులో మూత లేని మ్యాన్‌హోల్.
నంజుండప్ప ఇంట్లో బూజుకర్ర దించి
లోతు కొలిచి, కర్రని అలాగే
బస్సులో పట్టుకొచ్చి గోడకి ఆనించాడు.
తడి గుర్తు,
ఒకటో తరగతి పిల్ల నెత్తికి జానెడు పైన.
కాసేపు ఎవరూ టీ ముట్టుకోలేదు.

మినిట్స్ రాసేది నేను, కన్నడంలో.
చెయ్యి మాత్రం పలమనేరు బళ్ళో దిద్దినది.
బల్లపరుపుగా పడుకోవాల్సిన తలకట్టు
నా అక్షరాల మీద టిక్కై లేస్తుంది.
పోయిన నెల గుమాస్తా నవ్వాడు:
"అన్నిటికీ మీరే మంజూరు పెట్టేశారే అమ్మా!"
సిగ్గేసింది. రెండు పేజీలు కాపీ రాసి
దిద్దుకున్నాను కూడా.

మూతని ఇక్కడ ముచ్చళ అంటారు.
ఇవాళ ఆ మాట దగ్గర కాస్త ఆగి
'చ' నెత్తిన టిక్కు
గట్టిగానే పెట్టాను.
కాగితం అవతలికి దిగింది.