బోచి బోచి

పలాసలో రైలెక్కి, కలకత్తాలో ఇమానమెక్కి
మూడోనాటికి ఒసాకాలో దిగేను.
తినే సరుకుల పెద్ద ప్రదర్శనకి
మా షావుకారు తులసీరావు నన్నెందుకు తీసుకెళ్ళాడంటే
రెండొందల నలభై రకం, మూడొందల ఇరవై రకం
కంటిచూపుతోనే వేరు చేసీస్తానని.
పళ్ళెం ముందర కూకోబెట్టి
"ఇదిగో మా మిషను" అన్నాడు తెల్లచొక్కాలోళ్ళతో.
ఆళ్ళు నవ్వలేదు.
నా వేళ్ళకేసి చూసి వొంగి దణ్ణమెట్టారు.
జీడిసొన తిన్న నల్లటి వేళ్ళు,
ఎక్కడ దాచుకోవాలో తెలీక
కొంగులో చుట్టీసుకున్నాను.

నాలుగోనాడు సెలవు.
మన మాట ఆళ్ళకీ, ఆళ్ళ మాట మనకీ చెప్పే గుంట హరుకా
"ఏటి చూస్తావు, కోటా, గుడా?" అన్నాది.
సంత చూపించమన్నాను.

ఆ సంత మీద కప్పుంది.
ఈ కొసని నిలబడితే ఆ కొస కనపడదు.
మా కాశీబుగ్గ కొట్లన్నీ మూటకట్టి తెచ్చి అందులో పెట్టినా
ఇంకా సైకిలు తోలుకోడానికి చోటుంటాది.
గుంటపునుగుల పెనం లాంటి పెనం ముందు ఒక ముసలాయన
రెండు సూదులట్టుకుని
ఒకదాని తరవాత ఒకటి తిరగేస్తన్నాడు,
చూపు మాత్రం వీధిలోన.
ఒకటి నోట్లో యేసుకున్నాను.
లోపల నిప్పు!
నాలుక కాలి ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది,
ఇంకోటి ఇమ్మన్నాను.
మధ్యన సాగుతున్నాదేటని అడిగితే
హరుకా ఎనిమిది చేతులున్నట్టు ఆడించి చూపించినాది.
"వొద్దులే, పేరు చెప్పకు."

ఇంతలో ఎదర చేపల కొట్టోడు కేకేశాడు:
"మొకారిమక్కా?"
ముసలాయన తలెత్తకుండా,
"బోచి బోచి."
లాభాలొస్తన్నాయా అని ఆడు,
ఏదో, కొంచెం కొంచెం అని ఈడు.
ఇరగబడి వొచ్చినా అదే జవాబంట,
దివాలా తీసినా అదేనంట.
ఇప్పటి కుర్రోళ్ళు అనరంట గానీ.

ఓలమ్మా, ఎంత నవ్వేనో!
"ఏటి బావూ, బేరాలెలాగున్నాయి?"
"ఏదో, బండి నడస్తంది."
ఇంత సముద్రం దాటొచ్చింది
ఈ మాట ఇనడానికా?

హరుకా నవ్వలేదు.
"మా యాస టోక్యోలో మాటాడితే
మళ్ళీ అను, మళ్ళీ అను అంటారు.
అందుకే ఉద్యోగంలో వేరే మాట,
మాయమ్మకి ఫోనులో ఈ మాట" అన్నాది.
నాకు బెజవాడ బస్టాండు గుర్తొచ్చింది.
"ఈ బస్సెక్కడికెలతాది బాబూ" అంటే
కిటికీ లోపలాయన పక్కాయనకి
నాలాగే అని ఇనిపించాడు.
ఆవేళ రెండు బస్సులు తప్పిపోనాయి.
మళ్ళీ అడగలేదు మరి.

తిరిగొచ్చే రైల్లో
చిరుతపులి చారల జాకెట్టేసుకున్న ఒక మామ్మ
నా పక్కన కూకుంది.
అడక్కుండానే సంచీలోంచి రెండు చాకలెట్టుబిళ్ళలు తీసి
నా చేతిలో కుక్కినాది.
ఊరుకోడం మర్యాద కాదు గదా,
కొంగుముడి ఇప్పి గుప్పెడు జీడిపప్పు పెట్టేను.
నూటెనభై రకం, ఒక్క బద్ద లేదు.
నా వేలు పట్టుకుని తిప్పి చూసి
తన మణికట్టు మీద పెనం కాల్చిన మచ్చ చూపించినాది.
పప్పు నమిలింది. రైలంతా ఇనపడేలాగ ఏదో అన్నాది.
ఏటన్నాదని అడిగితే
హరుకా నోరు మూసుకుని నవ్వాపుకుంటంది:
"ఉప్పు తక్కువైందంట."

ఇప్పుడు మళ్ళీ పలాసలో, మా షెడ్డులో.
ప్రదర్శనలోనే షావుకారు
కెమెరా కన్నున్న మిషనొకటి బేరమాడేడంట.
దసరా ఎల్లేక వొస్తాదంట.
రెండోనాడు నానూ దాని ముందర నిలబడ్డాను,
గలగలమని గింజలు యేరుతుంటే
ఎక్కడైనా తప్పుతాదేమోనని.
తప్పలేదు.

"ఒలే, జపానెలాగుంది చెప్పు" అని దమయంతి.
ఎంతెత్తు మేడలు, ఎంత జోరు రైళ్ళు, ఆళ్ళకవి కావాలి.
"బోచి బోచి" అన్నాను.
అర్థం చెప్పలేదు.
ఎండకి కరిగి కాయితానికి అంటుకుపోయిన
మామ్మ బిళ్ళ మిగిలిందొకటి,
పప్పు చీల్చే కత్తితో నాలుగు ముక్కలు చేసేను.
దమయంతి చప్పరించి, చప్పరించి,
షెడ్డంతా ఇనపడేలాగ
"తీపి తక్కువైనాదొలే" అన్నాది.