ఇల్లంత చెవి

ఐవీ ప్రెబుల్‌కి తొంభై ఒకటి.
ఆష్‌ఫర్డ్ ఆసుపత్రిలో నా గదికి
మూడు నెలలకోసారి వస్తుంది.
నేనిచ్చిన చెవి మిషన్లు
దగ్గుబిళ్ళల డబ్బాలోంచి తీసి
"పుచ్చుకోమ్మా, చెంచాలు అరుస్తున్నాయి" అని
బల్ల మీదికి తోస్తుంది.

నేను ధ్వని ఒక మెట్టు తగ్గిస్తాను. ఇంకో మెట్టు.
ఆమె తల అడ్డంగా ఊపుతుంది.

ఓ గురువారం అంది:
"నీకు మా నాన్న చెవి చూపించాలి. కారుందా?"

గ్రేట్‌స్టోన్ దాటాక
తారు అయిపోయి గులకరాళ్ళు మొదలవుతాయి.
ప్రతి అడుక్కీ ఎవరో
పక్కనే మరమరాలు నములుతున్నంత చప్పుడు.
కాపలామనిషి వంతెన తాళం తీశాడు.
నీళ్ళకవతల మూడున్నాయి:
నిలబెట్టిన పళ్ళెం ఒకటి,
ఆకాశానికి వాలిన మూకుడు ఒకటి,
ఆ పైన ఒంపు తిరిగిన గోడ,
రెండొందల అడుగుల పొడవున
బూజు రంగు సిమెంటు.

చెవిలో ఇల్లు కట్టుకుని పోరడం
మా ఇంట్లో అందరికీ వచ్చు.
ఇల్లంత చెవి కట్టడం
ఇక్కడే చూశాను.

ఐవీ చేతికర్రతో ఒకచోట గుచ్చింది.
"ఇక్కడ నిలబడేవాడు. చెవుల్లో డాక్టరు గొట్టాలు.
సముద్రం కేసి కాదు, గోడ కేసి తిరిగి.
వచ్చేదాన్ని వీపు వెనక పెట్టుకుని
గోడ ఏం చెబితే అది రాసుకోవాలి."

ఇరవై మైళ్ళ దూరాన ఇంజను
ఇంకా కంటికి చుక్కైనా కాకముందే
సిమెంటులో ఈగలా మూలిగేదట.
హెర్బర్ట్ ప్రెబుల్ దాన్ని పెన్సిలుతో పట్టేవాడు:
వేళ, దిక్కు, పదింటికి ఎంత బలం.

ఒక తెల్లవారుజామున రాశాడు:
రెండు ఇంజన్లు, ఆగ్నేయం, దగ్గరవుతోంది.
అది లిడ్ నుంచి వచ్చే పాలబండి.

మర్నాటి నుంచీ పాలమనిషి టాప్లీ
సీసాల పెట్టెకి గోనెసంచులు చుట్టాడు.
దేశరక్షణలో అతని వంతు అది.
పతకం సరే,
సంచుల డబ్బులు కూడా ఎవరూ ఇవ్వలేదు.

ఇంటికొచ్చాక ఆ చెవులు నిద్రపోవాలి.
ఐవీ వాళ్ళమ్మ పాత టోపీ కత్తిరించి
కుర్చీ కాళ్ళ కింద అంటించింది.
గోడ గడియారం పక్కింటికి పంపించేసింది.
ఐవీకి మాటలు రాలేదు మొదట,
గుసగుసలొచ్చాయి.

ఈలోగా విమానాలకి తొందరెక్కువైంది.
పావుగంట ముందు చెప్పే గోడ
నాలుగు నిమిషాల ముందు చెప్పింది.
తర్వాత్తర్వాత, అదీ మనమూ
ఒకేసారి వినేలా అయింది.
ఇంకెక్కడో ఇనుప స్తంభాలు లేచాయి,
వినే పని లేకుండానే కనిపెట్టేవి.

"నాన్నకి ఉత్తరమొచ్చింది. రెండు వరసలు.
మడత విప్పితే కాగితం పెళపెళమంది.
అమ్మ ష్ అనలేదు.
అదే మొదటిసారి."

రైల్వేలో సామాన్ల గదికి మారాడట.
కుర్చీల కింద టోపీ ముక్కలు
ఆయన పోయేదాకా ఎవరూ పీకలేదు.

నన్ను ఆ గుర్తు మీద నిలబెట్టి
"చెప్పు, ఏం వినిపిస్తోంది?" అంది.
గాలి అన్నాను.
ఏదో నీటిపిట్ట. ఎవరిదో రేడియో.
దూరంగా లారీ.
"లారీలో ఏముంది?"
తెలీదన్నాను.
"సరిగా విను. సీసాలేమో."

నవ్విందనుకుని వెనక్కి చూశాను.
నవ్వడం లేదు.
పెన్సిలు పట్టుకున్నట్టుంది రెండు వేళ్ళూ దగ్గరపెట్టి.

సోమవారం నేను
గదిలో ఆమె కూర్చునే కుర్చీకి
నాలుగు కాళ్ళ కిందా మందపాటి గుడ్డ అంటించాను.
మెట్లు పెంచలేదు, తగ్గించలేదు.
తర్వాతిసారి వచ్చింది, కుర్చీ లాక్కుంది.
వంగి దాని కాళ్ళకేసి చూసింది.
డబ్బా తెరిచి, ఒకటి పెట్టుకుంది, రెండోదీ పెట్టుకుంది.
చాలాసేపు ఏమీ అనలేదు.

"టిక్కుటిక్కుమంటోంది, ఏంటది?"

తలెత్తి చూశాను.
తలుపు పైన గడియారం.
నాలుగేళ్ళుగా టైము చూస్తున్నాను దాంట్లో,
చప్పుడు చేస్తుందని తెలీదు.